రెండో సూది

ఎన్నో ఏళ్లుగా ఒక చావును లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో, వానాకాలం. హుకుంపేట అవతల కొండ ఊళ్లలో కలరా పుట్టింది. ఒక బడిలో బల్లలు తీయించి, చాపలు పరిచి రోగులను పడుకోబెట్టాం. డాక్టరుగారు ఊరూరూ తిరిగేవారు. బడిలో నర్సును నేనొక్కదాన్నే. అంతకుముందు పట్నంలో పిచ్చాసుపత్రిలో ఏడాది పనిచేశాను గనక, ఆ ఊళ్లో మతి చెదిరిన బుద్రిని కూడా కలరాకు ముందునుంచే నాకు అప్పగించారు.

బిడ్డ పోయిన దగ్గర్నుంచి బుద్రి అలా అయిపోయింది. నేనిచ్చే మాత్రలతో కొంత కుదుటపడి, చోడి చేలో కలుపు తీసేదాకా వచ్చింది. నన్ను చూస్తే నవ్వేది. ఆ వానలకు ఘాట్ రోడ్డు తెగి మాత్రలు రాలేదు. మళ్లీ మొదలైంది. ఆ మీద తనకూ కలరా.

ఒంట్లో సత్తువ లేకపోయినా లేచి తిరిగేది. పక్కవాళ్ల సెలైన్ గొట్టాలు లాగేది. చనిపోయిన బిడ్డను పేరు పెట్టి పిలిచేది, పిలిచిందే పిలిచేది. డాక్టరుగారు మత్తు సూది మందు ఇచ్చి చెప్పారు: ఒకటే వెయ్యి, మాటిమాటికీ లేపి నీళ్లు తాగించు.

పొద్దున ఒకటి వేశాను. తగ్గలేదు. మధ్యాహ్నం ఇంకొకటి వేశాను.

నీళ్లన్నీ పోయిన ఒంటికి ఆ మందు ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. చదువుకున్నాను. మిగతావాళ్ల ప్రాణాల కోసం వేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, అందులో కొంత నిజం కూడా ఉంది, కానీ సూది గుచ్చేటప్పుడు నేను వాళ్లెవరి గురించీ ఆలోచించలేదు. ఆ పిలుపు ఆగితే చాలనుకున్నాను. అంతే.

ఆగింది.

కాసేపటికి వాళ్లక్క సుక్రి గిన్నెతో వచ్చి పక్కన కూర్చుంది.

"సెల్లి నోరు ఎండిపోనాది సిస్టరమ్మా. లేపి గుక్కెడు గంజి పోత్తాను."

"వద్దు. ఇప్పుడే పడుకుంది. లేపకు."

"మీరు సెప్తే మరంతే."

గిన్నె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను వేరే చాపల దగ్గరికి వెళ్లాను. ఒక్కసారైనా నాడి చూడవలసింది. చూడలేదు. ఎందుకని? లేస్తుందేమోనని.

దీపాలు పెట్టే వేళకు సుక్రి కేక వేసింది. అప్పటికే కాళ్లు చల్లబడ్డాయి.

రోగుల పుస్తకంలో కలరా అని రాశాను. డాక్టరుగారు అడిగితే ఒకటే సూది అన్నాను. ఆయన నమ్మారు. సుక్రి నా చేతులు పట్టుకుంది. "నిద్దట్లో పోనాది. నొప్పెరగలేదు. మీ సలవే అమ్మా" అంది.

నేను తలూపాను.

ఏడవలేదు. ఆ వారమంతా గంజి కాచాను, చాపలు కడిగించాను, కొత్తవాళ్లకు సెలైన్లు ఎక్కించాను. తర్వాత బదిలీ, పెళ్లి, పిల్లలు. దుఃఖం ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని చూశాను. రాలేదు. రాకపోవడమే శిక్షా? లేక నేను అలాంటి మనిషినేనా? తేల్చుకోలేకపోయాను.

సుక్రి ఇప్పుడు ఉందో లేదో తెలియదు. వెతకలేదు. మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు మీది కాదు. బుద్రికి రెండో సూది వేసింది నేను. గంజి పోస్తానన్న అక్కను ఆపింది నేను. ఇది ఇవాళ్టి దాకా నా ఒక్కదానికే తెలుసు.

ఇప్పుడు మీకూ తెలుసు.