ఫర్నేసు మీద పడిన పసుపు నీళ్లు

నాకు చదువు రాదు. సంతకం పెట్టగలను, బస్సు మీద నంబరు పోల్చుకోగలను, అంతవరకే. నేను చెబుతుంటే రాసి పెట్టే మనిషి దొరికింది కాబట్టి ఇంటి సంగతి చెబుతున్నాను.

ముందు మేం కెనడాలో, టొరంటో శివారు స్కార్‌బరోలో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన తెలుగు హోటల్లో వంట చేసేవాడు. ఆయన పోయాక నేను ఆ బేస్‌మెంట్‌లోనే చదువుకునే పిల్లలకు పప్పూ కూరా వండి బతికాను. పక్కనే మా అమ్మాయి చదువుకునేది. ఆ ఏళ్లలో కాలేజీలకు పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. సెప్టెంబరు వస్తే చాలు, వరంగల్ నుంచీ గుంటూరు నుంచీ పెట్టెలు ఈడ్చుకుంటూ దిగేవాళ్లు. వచ్చినవాళ్లకు పడుకోను చోటు లేదు. ఇంటాయన హాలుకు మధ్యలో ప్లైవుడ్ కొట్టి రెండు గదులు చేశాడు. ఆ రెండు నిండాక టేపు పట్టుకుని మా గది కొలవడానికి వచ్చాడు.

అందరికీ కలిపి ఒకటే స్నానాల గది. నేను లోపలికి వెళ్లి బకెట్టు కింద పెట్టానో లేదో తలుపు మోగేది.

"ఆంటీ, క్లాసుకు టైమవుతోంది ఆంటీ."

"నీకు క్లాసుంటే నాకు ఒళ్లుంది నాయనా, ఆగు."

పిల్లలు మంచివాళ్లే. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ మనిషికి కాళ్లు చాపుకునే జాగా ఒకటి కావాలి కదా. మా ఆయన పోయిన రోజు కూడా ఏడవడానికి నాకొక మూల దొరకలేదు. పొయ్యి దగ్గర నిలబడి, చారు ఘాటు కళ్లకు తగిలిందన్న వంకతో ఏడ్చాను.

చదువయ్యాక మా అమ్మాయికి నోవా స్కోషియా రాష్ట్రంలో, హాలిఫాక్స్‌కు చాలా దూరంగా ఉన్న చిన్న ఊళ్లో, ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఇన్సూరెన్సు డబ్బు అలాగే ఉంది. దాంతో టొరంటోలో కారు పెట్టుకునే షెడ్డు కూడా రాదు. అక్కడ మాత్రం ఊరికి ఆవల, ఆపిల్ చెట్ల మధ్య, ఎవరూ లేని పాత కర్ర ఇల్లు ఒకటి అమ్మకానికి ఉందట. మా అమ్మాయి ఫోన్లో బొమ్మ చూపించింది. తెల్ల రంగు పెచ్చులూడి, వరండా ఒకవైపు ఒరిగి ఉంది. నేను వేరే ఏమీ అడగలేదు. "స్నానాల గది మనదేనా?" అన్నాను. మనదే అంది. కొనెయ్ అన్నాను.

బయలుదేరేటప్పుడు నా దగ్గర తినే ఆడపిల్లలు చుట్టూ చేరారు.

"ఆంటీ, అక్కడ కరివేపాకు దొరకదంట."

"మీరూ దొరకరుగా. లెక్క సరిపోయింది."

నవ్వారు. ఒకతి మాత్రం నా కొంగు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మా తాతకంటే పెద్దదయి ఉంటుంది ఆ ఇల్లు. మేం ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని, అమ్మాయికి సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి బాగుచేసుకున్నాం. గోడలకు కాగితాలు అంటించి ఉన్నాయి. వేడినీళ్లలో వెనిగర్ కలిపి తడిపి గీకితే పువ్వుల కాగితం ఊడింది. దాని కింద చారల కాగితం, ఇంకా కింద పడవల బొమ్మలు. ఎవరో చిన్నపిల్లాడి గది అయి ఉంటుంది. ఆ పడవలు గీకేయడానికి నాకు చెయ్యాడలేదు. ఒక గోడకు అలాగే ఉంచేశాం. వంటింట్లో నేలకు అతికించిన రెగ్జీను లాంటిది చుట్టి ఎత్తితే, కింద జానెడు కంటే వెడల్పున్న చెక్కలు, తేనె రంగువి, బయటపడ్డాయి. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని వాటిని అరచేత్తో నిమిరింది. మా ఆయన బతికున్న రోజుల్లో కూడా దాని మొహం అంత వెలగడం నేను చూడలేదు.

పక్క పొలంలో ఒక పెద్దాయన ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు దూరంగా ఉన్నారు. ఒరిగిన వరండా కింద జాకీ పెట్టి లేపి, కొత్త దూలం ఇరికించింది ఆయనే. చలికాలానికి కావలసిన కట్టెలు తెచ్చి సెల్లార్‌లో పేర్చిందీ ఆయనే. సెల్లార్ అంటే ఇంటి కింద కొట్టు. దానికి బయటి నుంచి ఒక తలుపు ఉంది, తాళంచెవి ఆయన దగ్గరే ఉంచాం. ఇల్లంతటికీ వేడి ఇచ్చే ఫర్నేసు కూడా అందులోనే. కట్టెలతో మండే పోత ఇనుప పొయ్యి, పశువంత ఉంటుంది. కొనేముందు ఇల్లు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు అది దివ్యంగా ఉందన్నాడు. మేం మాత్రం దిగి చూడలేదు. ఆ మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, నా మోకాళ్లకు పడవు. మా అమ్మాయికి సాలీళ్లంటే భయం.

ఆకులు ఎర్రబడి రాలుతున్న రోజుల్లో ఒక శుక్రవారం ఇంట్లో చేరదామనుకున్నాం. అద్దె గది ఖాళీ చేసి తాళం ఇచ్చేశాం. పొద్దున్నే వెళ్లాం. కొత్తగా చేరే ఇంటిని నీళ్లు పోసి కడగకుండా దీపం పెట్టడం నాకు తెలియదు. మా వైపు నాపరాళ్ల నేలలు. బిందెలతో నీళ్లు కొట్టి, చీపురుతో తూముకేసి తోస్తే ఇల్లు అద్దంలా ఉంటుంది. ఇక్కడ తూము ఏదా అని వెతికాను. వంటింటికీ ముందుగదికీ మధ్య నేలలో పెద్ద ఇనుప జాలీ ఉంది, ముగ్గులాంటి నగిషీతో.

"ఇదేనేమోనే తూము. ఇంత పెద్దదేంటి?" అన్నాను.

"స్నో వాటర్ కోసం అయ్యుంటుందమ్మా. బూట్లతో లోపలికి వస్తారు కదా, మెల్ట్ అయి అందులోకి డ్రెయిన్ అవుతుంది."

నిజమే అనిపించింది. జాలీ దగ్గర కాస్త వెచ్చగా కూడా ఉంది, కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అనుకున్నాం. నేను బకెట్లో పసుపు కలిపాను. ఇద్దరం చీరలూ పంట్లాలూ ఎగదోపుకుని, నీళ్లు కొట్టి, చీపుర్లతో జాలీలోకి తోశాం. ఒక్క తోపుకే కింద బుస్సుమంది. తెల్లటి ఆవిరి, బూడిద వాసనతో మొహం మీదికి లేచింది. ఆ వెంటనే టప్పుమని పెద్ద మోత.

మా అమ్మాయి చీపురు పారేసి నన్ను వెనక్కు లాగింది. ఇల్లు కాలుతోందేమోనని ఇద్దరం బయటికి పరుగెత్తాం. అప్పటికే పెద్దాయన పొలంలోంచి వస్తున్నాడు, సబ్బులు పేర్చిన బుట్ట చేతిలో ఉంది. మాకు గృహప్రవేశం కానుక. ఆవిరి చూసి బుట్ట గడ్డిలో పెట్టేసి సెల్లార్‌లోకి దిగాడు.

జరిగిందేమిటంటే, మేం చలి ఇంట్లో అడుగుపెట్టకూడదని ఆ తెల్లవారుజామునే ఆయన వచ్చి ఫర్నేసులో చిన్న మంట వేసి వెళ్లాడు. ఆ జాలీలోంచే వేడి పైకి వస్తుందట. మేం కాలే ఇనుము మీద చన్నీళ్లు గుమ్మరించాం.

ఆయన పైకి వచ్చి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆ నిలబడే తీరు అర్థమైంది. మా అమ్మాయి విని నాకు చెప్పింది.

"కాస్ట్ ఐరన్ అంటమ్మా. వేడిగా ఉన్నప్పుడు నీళ్లు పడితే క్రాక్ అవ్వచ్చంట. క్రాక్ అయితే పొగ ఇంట్లోకి వస్తుంది, వాడకూడదు. ఇప్పుడేం తెలీదంట. పూర్తిగా చల్లారి, ఆరాక చూడాలి."

"పగిలితే?"

"పగిలితే వింటర్‌లో ఇక్కడ ఉండలేం. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి. కొత్తది పెట్టించే స్తోమత మనకిప్పుడు లేదు. మళ్లీ బేస్‌మెంటే అమ్మా."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఎవరిని తిట్టను? మంట వేసినాయన మంచికే వేశాడు, మేం మంచికే కడిగాం. ఇద్దరి మంచీ కలిసి ఇంటికి చెడు తెచ్చేలా ఉంది.

పెద్దాయన బాధ నాకంటే ఎక్కువ. మీకు చెప్పకుండా వెలిగించాల్సింది కాదు అని మా అమ్మాయితో పదేపదే అన్నాడట. నేను తెలుగులోనే చెప్పాను: "అన్నయ్యా, మీరు మా కోసం పొద్దున్నే లేచారు. ఆ మాట ఇంక ఎత్తొద్దు." అమ్మాయి తిప్పి చెప్పకముందే ఆయన తలూపాడు.

ఆరేదాకా ఆగాం. పొయ్యిలోపల బూడిద తడిసి సున్నంలా ముద్దయితే పెద్దాయన గరిటెతో తోడి పారపోశాడు. తలుపులు తీసి గాలి ఆడనిచ్చాడు. మేం వంటింట్లో కరెంటు పొయ్యి పక్కన పరుపు వేసుకుని, శాలువాలు కప్పుకుని గడిపాం. వచ్చినప్పటి నుంచీ నేను ఒక్క పెట్టె విప్పలేదు. గిన్నెలు కావాలంటే పైనున్నవి తీసుకుని, కడిగి, మళ్లీ అందులోనే పెట్టేదాన్ని.

"ఎందుకమ్మా అలా?" అంది అమ్మాయి.

"మళ్లీ కట్టే ఓపిక లేదే."

దాని డ్యూటీ బట్టలు కూడా పెట్టెలోంచే తీసుకుంటోంది.

తడి పూర్తిగా ఆరాక ఒక మధ్యాహ్నం పెద్దాయన చిన్న సుత్తీ టార్చిలైటూ తెచ్చాడు. నేనూ దిగుతానన్నాను.

"నీ మోకాళ్లు?"

"నా ఇల్లు పోతుంటే మోకాళ్ల సంగతి ఎవడిక్కావాలి? పట్టుకో."

మెట్ల మీద వెనక్కి తిరిగి, పసిపిల్లలా పాకుతూ దిగాను. పెద్దాయన టార్చి వేసి పొయ్యి ఒళ్లంతా చూశాడు, సుత్తితో మెల్లగా కొట్టాడు. ఖంగుమంది. పక్కన కొట్టాడు, ఖంగుమంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, బీట ఉంటే గొంతు పూడినట్టు మోగుతుంది. ఇది అలా లేదు. వెనకవైపు కొట్టినప్పుడు మాత్రం డొల్లగా మోగింది. ఆయన వేళ్లతో తడిమి, ముందుకు వంగి చూసి, నవ్వాడు. పొయ్యి చుట్టూ రేకు తొడుగు ఉందట. ఆ రేకు లోపలికి సొట్టపోయింది. ఆ రోజు టప్పుమన్నది అదే.

"అంతేనా?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేం అంటున్నారు. మంట వేసి పొగ వస్తుందేమో చూడాలంట."

కాగితాలూ పుల్లలూ వేసి చిన్న మంట పెట్టాడు. ముగ్గురం టార్చి వెలుగులో చూస్తూ నిలబడ్డాం. మంట అందుకుంది. ఒక మొద్దు వేశాడు, కాసేపాగి ఇంకొకటి. తడి మిగిలిన చోట కాస్త ఆవిరి లేచి ఆగిపోయింది. పొగ లేదు. మా అమ్మాయి ముక్కు దగ్గరగా పెట్టి పొయ్యి చుట్టూ తిరిగింది, సాలీడు గూళ్లు జుట్టుకు అంటుకుంటున్నా పట్టించుకోలేదు. ఎక్కడా పొగ లేదు. పెద్దాయన సుత్తి జేబులో పెట్టుకుని ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"మన ముగ్గురికంటే ఇదే ఎక్కువ కాలం బతుకుతుందంట."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈసారి ఏ చారు వంకా పెట్టుకోలేదు. అక్కడే కట్టెల మీద కూర్చుని, ఎవరున్నారని చూడకుండా ఏడ్చాను. ఆయన పైకెళ్లిపోయాడు, మర్యాదగా. మా అమ్మాయి నా పక్కన కూర్చుంది.

పైకి వచ్చేసరికి జాలీలోంచి వెచ్చటి గాలి లేచి కిటికీ పరదాలు కదులుతున్నాయి. నేను దాని మీద నిలబడ్డాను. చీర కుచ్చిళ్లు ఉబ్బాయి, చలికి బిర్రబిగిసిన కాళ్లు మెల్లగా వదులయ్యాయి. ఎన్నేళ్ల నుంచో బిగించి పట్టుకున్నదేదో ఆ కాళ్లలోంచి దిగిపోయినట్టుంది.

వెనక గదిలో చర్రుమని చప్పుడైంది. చూస్తే మా అమ్మాయి కూరల కత్తితో అట్టపెట్టెల టేపు కోస్తోంది.

"ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పు అమ్మా."

"ఎక్కడైనా పెట్టు. నచ్చకపోతే రేపు మార్చుకుందాం."