ఇస్తారి చేతికి వచ్చిన తుపాకి

గల్ఫ్‌లో బౌషర్ అనే ఊరి చివర, కొండ మొదట్లో ఒక కంపెనీ స్టోర్ యార్డు ఉంది. దానికి కాపలా ఇస్తారి. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. సైట్‌లో పైనుంచి పడి కుడికాలు విరిగింది. ఎముక సరిగా అతకలేదు, కర్ర లేనిదే నడవలేడు. అలాంటివాణ్ణి కాపలాకు పెట్టడమేమిటని నవ్వినవాళ్లున్నారు. యజమాని, అర్బాబ్ సాలిం మంచివాడు, జాలిపడి పెట్టాడు. దొంగలకు ఆ జాలితో పనేముంది?

శుక్రవారం నమాజు వేళ, పట్టపగలే వచ్చారు. ఇస్తారి మీద చెయ్యి కూడా చేసుకోలేదు. కర్ర లాక్కుని గోడ అవతలికి విసిరేసి, తీరిగ్గా రాగి కేబుళ్లు బండికి ఎక్కించుకుని పోయారు. అతను మట్టిలో పాక్కుంటూ గేటు దాకా వెళ్లాడు. ఒకడు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. కొట్టినా ఇంత మండేది కాదు.

మర్నాడు సాయంత్రం అర్బాబ్ తన ఊరి నుంచి పాత తుపాకి తెచ్చి, వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"దగ్గర పెట్టుకో. కాల్చక్కర్లేదు, చూపిస్తే చాలు. వద్దంటే నిన్నిక్కడ ఒంటరిగా ఉంచలేను, ఇంటికి పంపాల్సిందే. పొద్దున చెప్పు."

పరాయి దేశపువాడి చేతిలో తుపాకి కనబడితే జైలేనని ఇస్తారికి తెలియనిది కాదు. అయినా అర్బాబ్ కారు వెళ్లగానే దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. ఆ బరువు నచ్చింది.

పొద్దుగుంకుతుండగా గేటు కిర్రుమంది. ఇస్తారి చప్పున తుపాకి ఎత్తాడు.

గేటులో నిలబడ్డది సమీయుల్లా. కడప మనిషి, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. ఇస్తారి కాలు విరిగినప్పటి నుంచీ రోజూ సాయంత్రం అన్నం తెచ్చిపెట్టేది అతనే. క్యారియర్ చేతిలోంచి జారి అన్నం నేలపాలైంది. రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి.

"అన్నా, నేను. సమీయుల్లాని. దించన్నా దాన్ని."

ఇస్తారి దించలేదు. నిలువెత్తు మనిషి, రెండు కాళ్లూ బాగున్న మనిషి, తన ముందు వణుకుతున్నాడు. ఇస్తారి గుండెల్లో ఏదో చల్లగా, హాయిగా ఉంది. ఆ హాయి తనదేనని తెలియగానే అతనికి ఒళ్లు జలదరించింది.

చిన్నప్పుడు ఇస్తారి వాళ్ల బాపు ఇలాగే వాకిట్లో చేతులెత్తి నిలబడేవాడు. రాత్రి అడవిలోంచి అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవారు. ఎందుకు పెట్టావని పొద్దున పోలీసులు వచ్చేవారు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. వాళ్ల మొహాలు అంత నిమ్మళంగా ఎలా ఉండేవో పిల్లవాడికి అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమైంది. తన మొహం కూడా ఈ క్షణాన అలాగే ఉండి ఉంటుంది.

ఇస్తారి తుపాకి నేల మీద పెట్టాడు. సమీయుల్లా కిందపడ్డ అన్నాన్ని క్యారియర్‌లోకి ఎత్తుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"మసక గదన్నా. నేనని తెలీలేదు గదా నీకు?"

అవునంటే అయిపోయేది. ఇస్తారి నోటికి ఆ అబద్ధం రాలేదు.

"నువ్వని ఎరుకైంది తమ్మీ. అయినా దించలే."

సమీయుల్లా క్యారియర్ మూత బిగించుకుని వెళ్లిపోయాడు.

పొద్దున అర్బాబ్ చేతిలో తుపాకి పెట్టేశాడు ఇస్తారి.

"దొంగలు మళ్లీ వస్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్త అర్బాబ్. పడి ఉంట."

అర్బాబ్ అతని కాలు వైపు చూశాడు. ఇంటికి టికెట్ అయ్యేదాకా డ్యూటీ చెయ్యమన్నాడు. వెనకటి రోజులైతే ఉద్యోగం పోయిందని ఇస్తారి కూలబడేవాడు. ఆ రోజు అతనికి సాయంత్రం గురించే బెంగ. సమీయుల్లా వస్తాడో రాడో.

వచ్చాడు. ఇన్నేళ్లుగా పిలవకుండానే నేరుగా లోపలికి వచ్చే మనిషి, గేటు బయటే ఆగాడు. చేతులు కనబడేలా క్యారియర్ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇస్తారన్నా, నేను, సమీయుల్లాని. రావచ్చునా?"