వేయని టీకాలు వేశానన్న రోజు

మానుకోట దవాఖానలో మశూచి టీకాలు వేసే కొలువులో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. కొత్తగూడ అడవి వైపు పల్లెల్లో ఒక పూట పోలీసులు తిరిగితే, ఇంకో పూట దళం వాళ్లు తిరిగేవారు. భుజాన సంచితో కొత్తవాడు కనిపిస్తే ఇద్దరికీ అనుమానమే.

నాకు పని నేర్పింది దవాఖానలో ఎన్నో ఏళ్లుగా టీకాలు వేస్తున్న మా పెద్దాయన. ఊరి పొలిమేరలో ఆగి, ఎవరూ అడక్కముందే తానెవరో, ఎందుకొచ్చాడో గట్టిగా చెప్పేవాడు. సంచి తెరిచి నేల మీద పెట్టేవాడు. తల్లులతో నిలబడి మాట్లాడేవాడు కాదు, కూర్చుని మాట్లాడేవాడు. మందు వేడెక్కకుండా గొట్టాలకు చుట్టిన తడిగుడ్డ ఆరిపోకుండా దారంతా చూసుకునేవాడు. రోజూ అదే తీరు. నాకదంతా చాదస్తంగా అనిపించేది.

ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి నన్నొక్కణ్ణే పంపాడు. అడవి అంచున చిన్న ఊరు. దాని పక్క ఊళ్లో అప్పటికే అమ్మవారు పోసింది. ఇళ్లు కనిపించేంత దగ్గరికి వెళ్లేసరికి తుపాకీ పేలింది. ఒక్కసారే. ఆ తర్వాత పిట్ట కూడా అరవలేదు. జొన్నచేలో బోర్లా పడుకున్నాను. ఎంతసేపటికో లేచి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

"అయిందా?" అన్నాడు పెద్దాయన మంచంలోంచే.

"అయింది కాకా."

"పిల్లలు ఏడ్చిన్రా?"

"కొందరు ఏడ్చిన్రు."

రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది. తుపాకీ చప్పుడుకన్నా అదే ఎక్కువ భయపెట్టింది. ఆ పిల్లలకు అమ్మవారు పోస్తే? పొద్దు వాలకముందే మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాను.

"నేను ఊళ్లెకు పోలే కాకా. తుపాకి మోగితే చేన్ల పండుకున్న. నీకు అబద్ధం చెప్పిన."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఇయ్యాల్నే చెప్పినవ్, మంచిగైంది. రేపైతే నోరు రాకపోవు. పొద్దుగాల ఇద్దరం పోదాం. నాకు భయం లేదనుకున్నవా బిడ్డా? భయానికే గదా, రోజూ అన్నీ ఒక్క తీరుగ చేస్త."

మర్నాడు పొలిమేరలోనే దళం వాళ్లు ఇద్దరు తుపాకులతో అడ్డం వచ్చారు. ఒక తుపాకీ నా ఛాతీకి ఎదురుగా ఉంది. పెద్దాయన సంచి తెరిచి నేల మీద పెట్టి, తానూ కూర్చున్నాడు.

"టీకాలోళ్లం. పక్కూళ్లె అమ్మతల్లి పోసింది. పిల్లలకు టీకాలెయ్య వచ్చినం."

"పోయి పోలీసు క్యాంపుల ఏం చెప్తరు?"

"పిల్లల చేతులు చూసినమంటం. మా పని గదే."

నమ్మకం కుదరలేదేమో, వాళ్లు కదల్లేదు. పెద్దాయన నా చొక్కా చెయ్యి పైకి జరిపి, వాళ్ల ముందే నాకు టీకా వేశాడు. అప్పుడు దారి వదిలారు. ఊళ్లో పిల్లలకు టీకాలు వేశాం.

తిరిగొచ్చేటప్పుడు పోలీసులు ఆపారు. ఊళ్లో ఎవరెవరు కనిపించారని అడిగారు. పిల్లల చేతులు చూశామని పెద్దాయన అదే మాట చెప్పాడు. చెంప మీద కొట్టారు. కింద పడ్డ తలగుడ్డ దులిపి కట్టుకుని, మళ్లీ అదే మాట చెప్పాడు. గంటసేపు ఎండలో కూర్చోబెట్టి వదిలేశారు.

టీకా పట్టిందో లేదో ఎనిమిదో రోజున చూడాలి. ఈసారి నేనొక్కణ్ణే వెళ్లాను. ఎవరు తగలబెట్టారో, సగం గుడిసెలు కాలి ఉన్నాయి. మనిషి జాడ లేదు. పారిపోదామనే అనిపించింది. కానీ పొలిమేరలో నిలబడి, నేనెవరో, ఎందుకొచ్చానో అరిచాను. సంచి తెరిచి కూర్చున్నాను.

చాలాసేపటికి పొదల్లోంచి ఒక తల్లి వచ్చి బిడ్డ చెయ్యి చాపింది. టీకా పట్టి, బాగా పొక్కింది. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. అందరూ రాలేదు. రానివాళ్లు ఏమయ్యారని అడిగే ధైర్యం నాకు చాలలేదు.

పెద్దాయనకు ఎవరిని చూశానో, ఎవరిని చూడలేదో చెప్పాను. తర్వాత ముప్పై ఏళ్లు అదే కొలువు చేశాను. కొత్త ఊరి పొలిమేర చేరితే భయం వేయడం మాత్రం పోలేదు. సంచి తెరిచి నేల మీద పెట్టేవాణ్ణి.