అట అంకుల్

ఫ్లిప్ ఫోన్ల రోజుల్లో, అమెరికాలోని ట్రాయ్‌లో మా పక్కింటి డాక్టర్‌గారిని మేం చాటుగా ‘అట అంకుల్’ అనేవాళ్ళం. అమెరికా రాకముందు ఆయనా ఆంటీ ఆఫ్రికాలో ఒక గనుల ఊరి ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడి యుద్ధం గురించి ఎవరు కదిపినా ఒకటే పాట.

“గనుల కంపెనీ తెచ్చిన కిరాయి సైనికులు ఊరిని కాపాడారట, ఒక పేపర్లో రాశారు. వాళ్ళే ఊరిని దోచుకున్నారట, ఇంకో పేపర్లో రాశారు.”

తన మాటగా ఏదీ చెప్పరు. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే కూడా ఆంటీ వైపు చూసి, “సరిపోయిందట” అనేవారు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో నాకు ఒళ్ళు మండింది. “అంకుల్, మీరు అక్కడే ఉన్నారు కదా! ‘అట’ లేకుండా ఒక్క ముక్క చెప్పండి” అన్నాను.

ఆయన ప్లేటు కింద పెట్టారు. “ఆపరేషన్ టేబుల్ కింద దాక్కున్నాను. మనుషులు కనపడలేదు, బూట్లు కనపడ్డాయి. కాపాడడానికి వచ్చినవాళ్ళవీ, దోచుకోడానికి వచ్చినవాళ్ళవీ ఒకే రకం బూట్లు.”

ఆయన నోట ‘అట’ లేని మాట వినడం మాకదే మొదలు.

వంటింట్లోంచి ఆంటీ గరిటెతో సహా వచ్చేశారు. “మీరు కళ్ళు గట్టిగా మూసుకుని నా కొంగు పట్టుకున్నారు. బూట్లు చూసింది నేను!”

అంకుల్ మళ్ళీ ప్లేటు అందుకుని మా వైపు తిరిగారు.

“చూసిందట.”