ఇంగువ వాసన వచ్చే ఆంప్లిఫయర్

మా అత్తకు వినికిడి తగ్గింది. జమ్మలమడుగు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా భార్య సెల్లులో భజన పాటలు పెట్టేది. అత్త కాసేపు సెల్లు వైపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. వినపడలేదని ఎవరికీ చెప్పేది కాదు. నాకైతే అసలే చెప్పదు. మా పాతకాలపు ఇళ్లల్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె నాతో ఏం చెప్పినా తలుపు చాటు నుంచే, కూతురి నోటితోనే. ఎలాగైనా ఆమెకు ఆ పాటలు వినిపించాలని నాకు పట్టుదల పుట్టింది.

కొత్త స్పీకర్ పెట్టె కొనొచ్చు కదా అంటారు. నా చేతుల దురద ఎవరు తీరుస్తారు? ప్రొద్దుటూరు గుజిరీ అంగళ్లలో పాత సామాన్ల మధ్య దూరితే నాకు ఆకలి కూడా గుర్తు రాదు. పాడైన యూపీఎస్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్, పులివెందుల జీపులో పాడి పాడి అలసిపోయిన స్టీరియోలోంచి శబ్దం పెంచే ఐసీ, పాత టీవీ స్పీకర్లు పోగేసి ఆంప్లిఫయర్ మొదలుపెట్టాను. ఇల్లంతా వైర్లు, టంకం పొగ. నా భార్య విసిగిపోయి, అటక మీది స్టీలు పోపుల డబ్బా తెచ్చి నా ముందు పడేసింది.

"నీ సామాన్లన్నీ దీంట్లో ఏసుకో ప్పా. కాళ్లకు గుచ్చుకుంటాండాయి."

వేసుకున్నాను. కాకపోతే ముందు డబ్బాకు డ్రిల్లుతో బెజ్జాలు పెట్టి, వాల్యూమ్ మీటను, ఐసీని దాని గోడకే బిగించాను. ఐసీ వేడిని లాగడానికి ఆ పూటకు అంత వీలైన రేకు ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది?

"అయ్యో, దాచుకోమంటే బెజ్జాలు పెడ్తివే! ఇది మా అమ్మ ఇచ్చిన డబ్బా. ఈడ పేరు చూడు" అని ఆమె నెత్తి కొట్టుకుంది. స్టీలు సామాను కొన్నప్పుడే పేరు చెక్కించుకోవడం మా వాళ్ల అలవాటు. వాల్యూమ్ మీట కిందే అత్త పేరు మెరుస్తోంది. "రేపు మా అమ్మ వస్తాంది. నువ్వే చెప్పుకో" అంది.

ఇన్నేళ్లలో నేరుగా ఒక్క మాట మాట్లాడని అత్తతో నేను చెప్పడమే!

మర్నాడు అత్త వంటింట్లో ఉండగా సెల్లు తగిలించి స్విచ్ వేశాను. గుయ్యిమంది. తర్వాత తాళాలు, డోలు గణగణమని మోగాయి. డబ్బా వేడెక్కేసరికి ఏళ్ల తరబడి దాని మూలల్లో నక్కిన ఇంగువ, ఆవాలు ఘుమఘుమలాడాయి.

"అక్కా, ఏం పోపు పెడతాండావు?" పక్కింటామె గోడ మీదుగా అడిగింది. నిన్నటి నుంచి ముఖం మాడ్చుకున్న నా భార్య పగలబడి నవ్వింది.

పాట వినపడి అత్త తలుపు దగ్గరికి వచ్చింది. గడప పక్కనే ఉన్న డబ్బాను చూసింది. వంగి, పేరు మీద వేలు పెట్టి తడిమింది. నేను తల వంచుకున్నాను.

"చూడు పాపా, మా అల్లుడు నా పేరుతో పాటల పెట్టె చేసినాడు!" అని పక్కింటామె వైపు తిరిగి కేకేసింది. నా భార్య నిజం చెప్పబోయి, నన్ను చూసి నోరు మూసుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అత్త గడప దాటి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అల్లుడా, శానా బాగుండాది. ఇంగొంచెం పెంచు నాయనా."

నాతోనే అంది. మీట మీద చెయ్యయితే వేశాను గానీ, ఎటు తిప్పాలో నాకు ఒక్క క్షణం తెలియలేదు.