నాన్న మెడకు బెల్లం బేరం

మొన్న గుంటూరులో మసాజ్‌కి వెళ్తే, వేడి నువ్వుల నూనె వాసనకే నా మెడ బిగుసుకుపోయింది.

చిన్నప్పుడు మా కొట్లో మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తబోయి నాన్నకు మెడ పట్టేసింది. మర్దన చేసే కోటయ్య వచ్చి ఆయన్ని చాప మీద బోర్లా పడుకోబెట్టాడు. నూనె పట్టించి, వీపు మీద మోకాలు ఆనించి, గడ్డం పట్టుకుని తల ఒక్కసారిగా తిప్పాడు. టప్‌మని ఎముక చప్పుడైంది. నాన్న ఒక్క మూలుగు మూలిగి కదలకుండా ఉండిపోయాడు. కోటయ్య ఆయన్ని చంపేస్తున్నాడనుకున్నాను.

కొట్లోంచి బెల్లం అచ్చు పట్టుకొచ్చి, "ఇది తీసుకుని మా నాన్నని వదిలెయ్, కోటయ్య బాబాయ్" అన్నాను.

"ఒక్కటేనా బాబూ?" అంటూ అతను తల రెండోవైపుకి తిప్పబోయాడు. ఏడుస్తూ పరిగెత్తి ఇంకోటి తెచ్చాను.

చాప మీంచి నాన్న గొంతు వినిపించింది. "ఒరేయ్, అడగ్గానే పెంచేస్తే ఎట్టారా?"

ఆ తర్వాత బేరాలు చాలానే గెలిచాను. ఆ పూట మాత్రం కోటయ్య మా కొట్టు మొత్తం అడిగినా ఇచ్చేసేవాణ్ణి.