నిలువు ఏడు, జవాబు దంతె

నిన్న పొద్దున ఇంద్రేశం స్టాప్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి పెన్సిల్ చెక్కుకుంటున్నాను.

బస్సు గ్రూపులో మెసేజ్ వచ్చింది. సుభద్ర మేడం లేరు. గుండెపోటు.

రెండుసార్లు చదివినా నాకు ఎక్కలేదు. మొన్న సాయంత్రం బస్సు దిగుతూ "అడ్డం పన్నెండు నువ్వే ఆలోచించుకుని రా" అని చెప్పి వెళ్లిన మనిషి.

తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. సుభద్ర మేడం గడ్డపోతారంలో మా ఫార్మా కంపెనీ ల్యాబ్ ఇన్‌ఛార్జి. సొంతూరు గుడివాడ వైపు, ఉండేది మా ఇంద్రేశంలోనే, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో. నేను అదే కంపెనీలో ప్యాకింగ్. బస్సులో ఎనిమిదేళ్లు పక్క పక్క సీట్లు.

రోజూ పేపర్‌లోంచి గళ్ల నుడికట్టు ముక్క ఒక్కటే కత్తిరించి తెచ్చేవారు. అడ్డం ఆధారాలు ఆమెవి, నిలువు నావి. ఇద్దరం ఒప్పుకున్నాకే గడిలో అక్షరం పడాలి. అదీ పెన్సిల్‌తో.

నేను ఇంటర్‌తో ఆపేశాను. ఆధారంలో తిరకాసు ఉంటుందని నేర్పింది ఆమే. "మర తిప్పితే లక్ష్మి, రెండక్షరాలు" అని మొదటి రోజు ఇచ్చారు.

"మర తిప్పితే మాకు నడుము నొప్పే వస్తది మేడం. లక్ష్మి యాడికెల్లొస్తది?" అన్నాను.

"మర అనే మాటనే వెనక్కి తిప్పవే పిచ్చిదానా" అన్నారు.

రమ.

ఆ రోజంతా ప్యాకింగ్ లైన్‌లో కనిపించిన ప్రతి మాటనూ తిప్పి చదివాను. ఇదంతా ఆమె పెట్టిన భిక్షే. కాదనను.

అన్నీ కరెక్ట్‌గా పంపినవాళ్ల పేరు, ఊరు పేపర్‌లో వేస్తారని ఒకసారి ఎవరో చెప్పారు. "మన ఇద్దరి పేర్లు పంపుదామా మేడం?" అని అడిగాను.

"పేరు కోసం ఆడితే సరదా పోతుంది స్వరూపా. మనకెందుకమ్మా అవన్నీ?"

పెద్ద మనసు అనుకున్నాను. మళ్లీ అడగలేదు.

ఇక దంతె సంగతి. బస్సులో వాళ్లందరికీ గుర్తే.

పోయిన వానాకాలం. నిలువు ఏడు. "పళ్లున్నా నమలదు, సాళ్ల మధ్య కలుపు తీస్తుంది." రెండక్షరాలు. దాన్ని దాటే అడ్డం మాట బస్సు దిగేలోపు తేలలేదు.

మేడం గొర్రు అన్నారు. నేను దంతె అన్నాను.

"దంతె ఏంటే? నేనెప్పుడూ వినలేదు. గొర్రుకీ పళ్లుంటాయిగా."

"గొర్రు ఇత్తనానికి మేడం. కలుపుకు దంతెనే. మా నాయిన ఎడ్లు కట్టి దంతె కొడుతుంటే ఎనక నేను గడ్డి ఏరిన."

"ఎక్కడ?"

"గిప్పుడు మీ అపార్ట్‌మెంట్ ఉన్న కాడ్నే."

బస్సు మొత్తం నవ్వింది. మేడం కూడా నవ్వారు. కానీ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు వాదించారు.

ఐదో రోజు జవాబు ఏం వచ్చిందని అడిగాను. "ఆ ఆధారమే తప్పట స్వరూపా. పేపర్ వాళ్లే రద్దు చేశారు" అన్నారు.

అప్పటి నుంచి బస్సులో నా పేరే దంతె. ఎక్కగానే డ్రైవర్ మల్లేశ్ "ఏంది స్వరూపక్కా, దంతె కొట్టుడు అయిందా?" అనేవాడు. మేడం కిటికీలోంచి బయటికి చూసేవారు. నా తరఫున ఒక్క మాట అనలేదు.

ఆ వారం మా నాయినను కూడా అడిగాను. "కలుపు తీసేదాన్ని దంతె అనే అంటరా నాయినా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమైంది బిడ్డా నీకు?"

నిన్న మేడం ఇంటికి వెళ్లాను. సెల్లార్‌లో ఫ్రీజర్ బాక్స్‌లో పడుకోబెట్టారు. దండ వేసి పక్కకు జరిగాను.

వాళ్ల సారు, అంటే మేడం భర్త, నన్ను పోల్చుకుని పైకి తీసుకెళ్లారు. "స్వరూపవి నువ్వేనా అమ్మా? రోజూ నీ మాటే." ఒక ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "చూడు, మీ మేడం ఎంత జాగ్రత్తగా దాచుకుందో."

ఆయన ప్రేమగానే చూపించారు.

అన్నీ పేపర్ ముక్కలు. పేర్ల లిస్టులు. ప్రతిదాంట్లో ఎర్ర పెన్నుతో గీసిన ఒక పేరు. సుభద్ర, ఇంద్రేశం.

మా ఊరి పేరు ఉంది. నా పేరు ఒక్కచోట కూడా లేదు.

నిలువు ఏడు నేనే వెతికాను. దొరికింది. ఆమె పంపినదాని జిరాక్స్. మీద రాసుకున్న పంపిన తేదీ, బస్సులో ఆ ఆధారం చదివిన రోజుదే. గళ్లన్నీ నిండి ఉన్నాయి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో. నిలువు ఏడులో ఆమె గుండ్రటి రాత. దంతె.

పక్కనే పేపర్‌లో వచ్చిన జవాబులు. ఏదీ రద్దు కాలేదు. దంతె. ఆ రోజు అన్నీ కరెక్ట్‌గా పంపింది ఒక్కరేనట. సుభద్ర, ఇంద్రేశం.

అంటే మొదటి రోజే నా మాట ఆమె పేరుతో వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా అది తప్పని నాతోనే వాదించారు.

పేరు కావాలని అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. పేపర్‌లో చూసి సంతోషపడేదాన్ని కూడా. మా నాయిన చేతిలోని పనిముట్టు మీద నాకే అనుమానం వచ్చేలా చేశారు. అది మింగుడు పడడం లేదు.

"గుర్తుగా ఉంచుకో అమ్మా" అని సారు ఫైలు ఇవ్వబోయారు. వద్దన్నాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. శవం లేవని ఇంట్లో చెప్పే మాట కాదు.

సారు ఫేస్‌బుక్‌లో లేరు. బస్సు వాళ్లు ఉన్నారు. మల్లేశ్, నువ్వు కూడా చదువు. జవాబు దంతె.

ఇవాళ పేపర్ మొదటిసారి నేనే కొన్నాను. అడ్డం, నిలువు రెండూ చేశాను. రెండు గంటలు పట్టింది. ఫోటో తీసి పేపర్ వాళ్లకు పంపాను.

స్వరూప, ఇంద్రేశం.

మేడం, నా కోపం ఇంకా పోలేదు. పోయాక రాద్దామంటే ఎప్పటికో తెలియదు. వెళ్లి రండి. మీరు మాత్రం నెమ్మదిగా, ఏ బరువూ లేకుండా నిద్రపోవాలి.